షాఫ్ట్ మీద రెండు చుక్కలు

మా జీపుకి వెనక ప్రొపెల్లర్ షాఫ్ట్ మార్పించిన రోజు నుంచీ బండిలో ఒక వణుకు చేరింది. నలభై దాటగానే మొదలయ్యేది. యాభైకి కాళ్ళ కింద రేకంతా జుమ్మనేది. అరవైకి పక్క అద్దంలో వెనక వచ్చే లారీ రెండు లారీలుగా కనపడేది. పాత షాఫ్ట్ క్రాసులు అరిగిపోయి గేరు వేసినప్పుడల్లా టక్కుమనేదే గాని, ఎన్నడూ ఇలా వణకలేదు. ఆ టక్కు పోవాలనే కొత్తది వేయించాను. టక్కు పోయింది, వణుకు వచ్చింది.

మూడు నెలలు తిప్పాను. ఒక చోట చక్రాలు బ్యాలెన్స్ చేశారు. ఇంకో చోట ఇంజిన్ మౌంటింగులు మార్చారు, తర్వాత కొత్త షాఫ్ట్‌తో వచ్చిన కొత్త క్రాసులే పీకి మళ్ళీ కొత్తవి కొట్టారు. వణుకు అలాగే ఉంది. చివరికి షాఫ్టే మంచిది కాదు, ఇంకోటి కొనుక్కోండి అన్నారు. కొనడానికి సిద్ధపడుతుంటే మా బావగారు ఆపారు. "విజయవాడ ఆటోనగర్‌లో ఒక మేస్త్రి ఉన్నాడు. ముందు ఆయనకి ఒకసారి వినిపించు" అన్నారు. చూపించు అనకుండా వినిపించు అనడం ఎందుకో, అక్కడికి వెళ్ళాక అర్థమైంది.

పేరు రాయొద్దన్నారు కాబట్టి మేస్త్రిగారనే అంటాను. డెబ్బై ఏళ్ళుంటాయి. లారీల మీద పని నేర్చి, జీపుల మీద స్థిరపడిన మనిషి. రేకుల షెడ్డు, మధ్యలో సిమెంటు గుంత, గోడకి వరసగా తగిలించిన పానాలు, ఒక బెంచి, ఒక వైసు. ఆ షెడ్డులో నేనొక పూటంతా కూర్చుని చూసిన పనితనం గురించి చెప్పాలని ఇది రాస్తున్నాను.

తాళాలు ఇవ్వబోతే పుచ్చుకోలేదు. "మీ బండి మీరే తోలండి బాబూ. నేను వెనక కూచుంటా" అన్నారు. వెనక పక్క సీటు మీద కూర్చుని, చెప్పులు విప్పి, రెండు అరికాళ్ళూ రేకు మీద ఆనించారు. బందరు రోడ్డు ఎక్కి కానూరు దాటి పోరంకి వైపు వెళ్ళాం. వణుకు మొదలయ్యాక ఆయన నన్నేమీ అడగలేదు. కళ్ళు మూసుకుని కాసేపు కూర్చున్నారు. తర్వాత ఒక్కో మాట చెప్పడం మొదలుపెట్టారు.

"యాభైలో పెట్టి క్లచ్ తొక్కండి. న్యూట్రల్ చెయ్యండి."

ఇంజిన్ చప్పుడు అణిగింది. వణుకు అణగలేదు. బండి వేగం తగ్గేకొద్దీ అదీ మెల్లగా తగ్గుతూ వచ్చింది. దాంతో ఇంజిన్, మౌంటింగులు, క్లచ్ ప్లేటు, మూడూ లెక్కలోంచి పోయాయి. నేను డబ్బు పోసి మార్పించిన మౌంటింగుల కథ అక్కడే, రోడ్డు మీద, పానా ముట్టకుండానే ముగిసింది.

"ఇప్పుడు అదే యాభైలో థర్డ్‌లో లాగండి."

ఇంజిన్ గోలపెట్టింది గాని వణుకులో తేడా రాలేదు. అంటే దానికి ఇంజిన్ ఎంత తిరుగుతోందన్నది పట్టదు, బండి ఎంత వేగంగా పోతోందన్నదే కావాలి. ఇక మిగిలింది చక్రాలతోపాటు తిరిగేది ఏదో ఒకటి. అది చక్రమా, షాఫ్టా? నేనైతే ఇక్కడ తికమకపడేవాణ్ణి. ఆయన అరికాళ్ళు అప్పటికే తేల్చేశాయి. "చక్రం వణుకు ఒళ్ళు ఊపుద్ది బాబూ. స్టీరింగ్‌లో తెలుస్తది. ఇది ఊపట్లా, అరికాళ్ళల్లో జిల పుట్టిస్తంది. ఇది షాఫ్ట్."

ఇంటికొచ్చాక ఆ మాట లెక్క కట్టి చూసుకున్నాను. మాది సీజే-3బి వంశపు జీపు. అమెరికాలో 1953 నుంచి 1968 దాకా చేసి ఆపేసిన ఆ నమూనాని మన దగ్గర మహీంద్రా వాళ్ళు ఆ తర్వాత కూడా దశాబ్దాల తరబడి చేస్తూనే వచ్చారు. దాని వెనక హౌసింగ్‌లో క్రౌనుకి 43 పళ్ళు, పినియన్‌కి 8. చక్రం ఒక చుట్టు తిరిగేసరికి షాఫ్ట్ అయిదు చుట్ల మీద మరికొంత తిరుగుతుంది. గంటకి అరవై కిలోమీటర్లలో చక్రం సెకనుకి ఏడున్నర చుట్లు వేస్తే, షాఫ్ట్ నలభై వేస్తుంది. ఏడున్నర అంటే ఊపు. నలభై, దాని రెట్టింపు ఎనభై అంటే జిల. ఆయన ఈ లెక్క ఎప్పుడూ వేసి ఉండరు. వేయాల్సిన అవసరం కూడా పడి ఉండదు.

షెడ్డుకి తిరిగొచ్చి బండిని గుంత మీద నిలిపాం. హ్యాండ్ బ్రేక్ లాగాను. ఆయన కుర్రాడు అప్పటికే రెండు కొయ్య దిమ్మలు తెచ్చి చక్రాల కింద ముందూ వెనకా పెడుతున్నాడు. పల్లం లేని చోట ఇంత జాగ్రత్త దేనికని అడిగితే ఆ కుర్రాడే చెప్పాడు: "దీనికి హ్యాండ్ బ్రేక్ చక్రాల్లో ఉండదు సార్. ట్రాన్స్‌ఫర్ కేస్ వెనక డ్రమ్ములో ఉంటది. వెనక షాఫ్ట్ విప్పామా, లివర్ లాగి ఉన్నా బండి ఊరికే దొర్లిద్ది. బాబాయ్ మొదట నేర్పింది ఇదే." పాత జీపుల కింద పడుకునేవాళ్ళందరికీ ఈ ముక్క తెలియాలి. బ్రేకు పట్టేది షాఫ్ట్‌ని. షాఫ్ట్ పట్టేది చక్రాన్ని. మధ్యది తీసేస్తే బ్రేకు దారి బ్రేకుదే, చక్రం దారి చక్రానిదే.

నేననుకున్నట్టు వెనక షాఫ్ట్ మీద చెయ్యి వేయలేదు. ముందు షాఫ్ట్ విప్పారు! నాలుగు చక్రాలకీ పవర్ వెళ్ళే బండి కనుక జీపుకి షాఫ్టులు రెండు. టూ వీల్‌లో పెట్టినా సరే, ముందు చక్రాలు తిరుగుతుంటే అవి ముందు షాఫ్ట్‌ని తమతోపాటు ఊరికే తిప్పుతూనే ఉంటాయి. "తిరిగేవి రెండున్నయ్. అరిచేది ఏదో తెలియకుండా ఒకదాని మీద పడితే ఎట్టా?" అన్నారు. పావుగంటలో అది నేల మీదకి వచ్చింది. మళ్ళీ రోడ్డెక్కాం. వణుకు అంతే ఉంది. తిరిగొచ్చి ముందు షాఫ్ట్ గోడకి ఆనించి, గుంతలోకి దిగారు. ఈ రెండో షికారు నాకు చాలా నచ్చింది. అనుమానం వెనక షాఫ్ట్ మీదేనని ఆయనకి ముందే తెలుసు. తెలిసినదాన్ని కూడా రుజువు చేసుకునే ముట్టుకున్నారు.

పక్క బెంచి మీద ఆ పూట ఒక మారుతి 800 యాక్సిల్ కూడా ఉంది. దాని గురించి ఒక మాట చెప్పుకోవాలి, ఎందుకంటే ఈ రోజుల్లో ఎక్కువమంది కార్లలో ఉండేది ఆ జాతి షాఫ్టే. ముందు చక్రాలతో నడిచే కారులో చక్రమే అటూ ఇటూ మళ్ళాలి, ఆ మళ్ళిన చక్రమే బండిని లాగాలి. క్రాస్ జాయింట్ అంత కోణాన్ని సాఫీగా మోయలేదు. అందుకని చక్రం వైపు ఆరు గుండ్ల జాయింట్ పెడతారు. ఆల్ఫ్రెడ్ ర్జెప్పా అనే ఇంజనీరు 1920లలో కనిపెట్టినది అది. బయటి గిన్నెకీ లోపలి గుండుకీ మధ్య ఆరు ఉక్కు గుండ్లు గాళ్ళలో దొర్లుతూ, కోణం ఎంత మారినా ఎప్పుడూ సరిగ్గా ఆ కోణానికి సగంలోనే నిలుస్తాయి. అందువల్ల ఇచ్చే వైపు ఎంత వేగమో పుచ్చుకునే వైపూ అంతే. అది చెడితే స్టీరింగ్ పూర్తిగా కోసి తిప్పినప్పుడు కట్ కట్ కట్‌మని చెబుతుంది. గేర్‌బాక్స్ వైపు జాయింట్ అరిగితే అలా అరవదు, ఎత్తు ఎక్కేటప్పుడు బండి ముందు భాగాన్ని అటూ ఇటూ కదిలిస్తుంది. రబ్బరు బూటు చిరిగిందా అని నెలకోసారి చూసుకుంటే ఈ రెండు బాధలూ చాలావరకు రావు. గ్రీజు బయటికి పోవడం, దుమ్ము లోపలికి రావడం, మిగతాదంతా ఆ చిరుగుతోనే మొదలు.

జీపుది పాత పద్ధతి. ఆ పాత పద్ధతిలోనే మా బండి జబ్బు దాక్కుని ఉంది.

చెరో రెండు చెవులున్న రెండు యోకులు, మధ్యలో నాలుగు కాళ్ళ క్రాస్; ఒక్కో కాలికి ఒక్కో కప్పు, కప్పు లోపల సన్న సూదులు. పదిహేడో శతాబ్దంలో రాబర్ట్ హుక్ ఈ కీలు గురించి రాసిపెట్టాడు. 1903లో క్లారెన్స్ స్పైసర్ అనే ఆయన దాన్ని కారుకి తగ్గట్టు మూతతో, గ్రీజు నిలిచేట్టు చేసి పేటెంట్ తీసుకున్నాడు. ఆ మరుసటి ఏడే తయారీ మొదలుపెట్టాడు. దాంతో చెయిన్లు పోయి షాఫ్టులు వచ్చాయి. యుద్ధకాలపు విల్లీస్ జీపులో తిరిగింది స్పైసర్ జాయింట్లే. మన ఆటోనగర్ బెంచి మీద క్రాస్ అనే రెండక్షరాల మాట వెనక ఇంత చరిత్ర ఉంది.

ఈ కీలుకి పుట్టుకతో ఒక లోపం ఉంది. కోణంలో తిరిగేటప్పుడు, ఇచ్చే వైపు ఒకే వేగంతో తిరుగుతున్నా, పుచ్చుకునే వైపు చుట్టుకి రెండుసార్లు ముందుకి ఉరుకుతుంది, రెండుసార్లు వెనకబడుతుంది. కోణం పది డిగ్రీలయితే ఆ ఎగుడుదిగుడు వందకి ఒకటిన్నర. కోణం పెరిగితే ఇంకా పెరుగుతుంది. సీజే-3బి జీపు ముందు ఇరుసు నుంచి వెనక ఇరుసుకి 80 అంగుళాలే. అందులో వెనక షాఫ్ట్ వంతుకి వచ్చే పొడుగు చాలా తక్కువ. ట్రాన్స్‌ఫర్ కేస్ ఎత్తులోనూ పినియన్ కిందా ఉండటంతో, ఆ పొట్టి షాఫ్ట్ బాగా ఏటవాలుగా ఉండక తప్పదు.

లోపానికి మందు కూడా అక్కడే ఉంది: రెండో క్రాస్. మొదటిది ఉరికించిన చోట రెండోది అంతే వెనక్కి లాగితే పినియన్‌కి సాఫీ తిరుగుడు అందుతుంది. ఒకే రోట్లో ఇద్దరు ఆడవాళ్ళు దంచడం చూసినవాళ్ళకి ఇది వెంటనే తెలుస్తుంది. ఒకరి రోకలి దిగేటప్పుడు రెండోవారిది లేస్తుంది, అలా వరస తప్పకుండా సాగుతుంది. ఒక్క పోటు ఆలస్యమైతే రోకళ్ళు రెండూ ఒకదానికొకటి తగులుతాయి. షాఫ్ట్‌లో ఆ వరస నిలిచేది రెండు షరతుల మీద. రెండు కొసల కోణాలూ సమానంగా ఉండాలి. షాఫ్ట్ గొట్టానికి ఈ కొసనా ఆ కొసనా ఉన్న రెండు యోకుల చెవులూ ఒకే వరసలో ఉండాలి.

ఈ రెండో షరతు దగ్గరే మోసం జరుగుతుంది. గుంతల్లో వెనక ఇరుసు పైకీ కిందకీ ఆడినప్పుడు షాఫ్ట్ పొడుగు కాస్త పెరగాలి, తగ్గాలి. అందుకని దాన్ని ఒకే ముక్కగా చెయ్యరు. గొట్టం చివర పళ్ళు కోసి, వాటి మీద ఒక యోకుని జారేలా ఎక్కిస్తారు. ఆ యోకు ఏ పంటి దగ్గరైనా ఎక్కుతుంది. ఎక్కడం వేరు, కుదరడం వేరు. అందుకే తయారీదారులు గొట్టం మీద ఒకటి, యోకు మీద ఒకటి బాణం గుర్తులు వేస్తారు. రెండు బాణాలూ ఎదురెదురుగా ఉండాలన్నది విల్లీస్ కాలం నాటి నియమం.

మేస్త్రిగారు గుంతలో నిలబడి టార్చి వేసి, షాఫ్ట్‌ని ఒక కొస నుంచి తుపాకీ గురి చూసినట్టు చూశారు. నాకూ చూపించారు. నాకేమీ కనపడలేదు. "వెనక చెవి కొంచెం పక్కకి చూస్తంది" అని, విప్పి పైకి అందించారు. అయినా కంటిని నమ్మి వదిలెయ్యలేదు. బెంచి మీద రెండు వీ దిమ్మలు పెట్టి షాఫ్ట్‌ని వాటిమీద పడుకోబెట్టారు. యోకు చెవిలోని కప్పు నెత్తిన వేలెడంత చదరపు ఇనప ముక్క, దాని మీద తాపీమేస్త్రుల రసమట్టం. షాఫ్ట్‌ని వేళ్ళతో వెంట్రుకవాసి తిప్పుతూ, బుడగ నడిమికి వచ్చేదాకా ఆగారు. కుర్రాడు దాన్ని కదలకుండా పట్టుకున్నాడు. ఇనప ముక్కనీ రసమట్టాన్నీ రెండో కొసకి తెచ్చి పెట్టారు. బుడగ ఒక పక్కకి పరిగెత్తి, గాజు అంచుకి ఆనుకుని ఆగిపోయింది.

మూడు నెలల వణుకు ఆ బుడగలో కనపడింది.

కిరోసిన్ గుడ్డతో మట్టి తుడిచి, తిన్నర్‌తో నల్ల రంగు కరిగిస్తే బాణాలు బయటపడ్డాయి. గొట్టం మీద ఒకటి. యోకు మీద ఇంకొకటి, రెండు పళ్ళు పక్కన. నాకు కోపం వచ్చింది. చేసినవాళ్ళని ఏదో అన్నాను. ఆయన తల అడ్డంగా ఊపారు. "రంగు కిందున్నది కనపడదుగా బాబూ. గ్రీజు పెడదామని లాగుంటారు, మళ్ళీ ఎక్కించుంటారు. ఎక్కింది కదా అనుకుని ఉంటారు." చేతిలో ఉన్న వస్తువులో ఏ ముక్కా చెడ్డది కాదు. గొట్టం తిన్ననే. పళ్ళు బిగువుగానే ఉన్నాయి. తప్పు ముక్కల్లో లేదు, వాటి పొందికలో ఉంది. ముక్కల్ని మారుస్తూ పోయినవాళ్ళకి అది ఎన్నటికీ దొరకదు. ఇంకో షాఫ్ట్ కొని, అదే చేతులు మళ్ళీ లాగి ఎక్కించి ఉంటే, మళ్ళీ అదే వణుకు వచ్చే వీలుంది.

యోకు లాగి, పళ్ళు కడిగి, కొత్త గ్రీజు పూసి, బాణానికి బాణం చూపి ఎక్కించారు. రసమట్టం మళ్ళీ పెట్టారు. ఈసారి రెండు కొసల్లోనూ బుడగ నడిమిలోనే నిలిచింది. పని అయిపోయిందనుకుని నేను లేచాను. ఆయన లేవలేదు.

షాఫ్ట్‌ని ఒళ్ళో పెట్టుకుని, పినియన్ వైపు క్రాస్‌ని రెండు వేళ్ళతో ఆడిస్తూ కూర్చున్నారు. అటు తిప్పితే సాఫీగా కదులుతోంది. ఇటు తిప్పితే ఒక చోట ఆగి, దాటి, మళ్ళీ కదులుతోంది. నా వేళ్ళకిచ్చారు. అన్నంలో మట్టిబెడ్డ పంటికి తగిలినట్టుంది. రెండు నెలల క్రితం కొట్టిన కొత్త క్రాస్ అది. జీపుకి పినియన్ వైపు యోకుకి పూర్తి చెవులుండవు. రెండు కప్పులు సగం గాళ్ళలో కూర్చుంటాయి, వాటిని యూ బోల్టులు పట్టుకుంటాయి. ఊడిపోతుందేమోనన్న భయంతో ఆ బోల్టుల్ని బలం కొద్దీ బిగిస్తే పల్చటి కప్పు నొక్కుకుపోయి, లోపలి సూదులు తిరగడానికి చోటు ఉండదు. కప్పు బయట యూ బోల్టు ఒరుసుకున్న మెరుపు గీత స్పష్టంగా ఉంది. కప్పు తీసి చూస్తే క్రాస్ కాలి మీద సూదులు నొక్కిన సన్న గీతలు వరసగా, దువ్వెన పళ్ళలా ఉన్నాయి.

ఇక్కడ నుంచి అరగంట ఆయన చేసిన పని మళ్ళీ మళ్ళీ చూడాలనిపించేది. కొత్త క్రాస్ పెట్టెలోంచి తీసి నేరుగా కొట్టలేదు. నాలుగు కప్పులూ ఊడదీసి, ఒక్కో దానిలో సూదుల్ని వేలి కొసతో చుట్టూ తడిమారు. ఒకటి తక్కువున్నా, ఒకటి అడ్డం పడినా ఆ వేలికి తెలుస్తుంది. ప్రతి కప్పులోనూ శనగగింజంత గ్రీజు పెట్టి సూదుల్ని గోడకి అంటించారు. నిండా పెట్టలేదు. నిండా పెడితే కప్పు కూర్చునేటప్పుడు గ్రీజు ఎటూ పోలేక సీలుని తన్నేస్తుందట. క్రాస్ గొట్టంలోకి గ్రీజు పోయే రంధ్రంలో సన్న తీగ దూర్చి చూశారు. గ్రీజు నిప్పిల్ ఎటు చూడాలో ముందే తేల్చుకున్నారు, రేపు గ్రీజు గన్ పట్టుకునేవాడికి అందేలా.

యోకు చెవిలోకి కప్పు ఎక్కించడానికి సుత్తి వాడలేదు. వైసు దవడల మధ్య చెవిని పెట్టి, పిడిని ఒక్కో పావు చుట్టు తిప్పుతూ, ఇంకో చేత్తో క్రాస్‌ని ఎత్తి పట్టి, దాని కాలు కప్పులోకి దూరే ఉండేలా చూసుకున్నారు. కాలు లోపలుంటే సూది పడిపోదు. కప్పు కూర్చునే కొద్దీ క్రాస్‌ని ఆడిస్తూనే ఉన్నారు. ఎక్కడైనా ఒక్క క్షణం బిగిసిందనిపిస్తే, పిడి వెనక్కి తిప్పి మళ్ళీ మొదటికి వచ్చారు. ఇలా రెండుసార్లు జరిగింది. లాకు గాళ్ళోకి వెళ్ళినప్పుడు టిక్కుమంది. దాన్ని స్క్రూడ్రైవర్‌తో చుట్టూ తిప్పి, పూర్తిగా కూర్చుందని రూఢి చేసుకున్నారు. రెండు లాకులూ పడ్డాక క్రాస్ కాస్త బిగువుగానే ఉంది. అప్పుడు తీశారు సుత్తి, అదీ ఇత్తడిది. చెవి మీద, కప్పు మీద కాదు, రెండు చిన్న దెబ్బలు. నొక్కుకుని ఉన్న చెవి సర్దుకుంది. క్రాస్‌ని ఎత్తి వదిలితే మెల్లగా, ఎక్కడా ఆగకుండా, తన బరువుకి తానే వాలింది. నిద్రపోతున్న పిల్లాడి చెయ్యి వాలినట్టు వాలింది.

అంత సేపట్లో ఆయన గొట్టాన్ని ఒక్కసారి కూడా వైసులో బిగించలేదు. చేతిలో గట్టిగా అనిపించినా అది పల్చటి గొట్టమే. సొట్టపడితే ఇక ఎంత సరిగ్గా అమర్చినా అది సాఫీగా తిరగదు.

బిగింపు కూడా బండి తన కాళ్ళ మీద నిలిచి ఉండగానే చేశారు. జాకీ మీద లేపి హౌసింగ్ వేలాడదీస్తే కోణమూ మారుతుంది, జారే యోకు ఎంత బయటికి వచ్చి ఉండాలో అదీ తప్పు కనపడుతుంది. కమాన్ కట్టలు మామూలు బరువు మోస్తుండగా యోకు లోపలికి పోవడానికీ బయటికి రావడానికీ చోటుందో లేదో కొలిచారు. యూ బోల్టు నట్లని ఒకటి అటు, ఒకటి ఇటు, కొంచెం కొంచెంగా బిగించారు. ప్రతి విడతకీ షాఫ్ట్ కొసని చేత్తో కదిపి చూశారు. "పానా పొడుగుందని బలమంతా చూపిస్తే ఎట్టా? స్ప్రింగ్ వాషర్ చదునైతే చాలు" అన్నారు కుర్రాడితో.

మళ్ళీ బందరు రోడ్డు. నలభై. యాభై. కాళ్ళ కింద రేకు మామూలు రేకులా ఉంది. అరవైకి పక్క అద్దంలో ఒక్క లారీయే కనపడింది. నేను నవ్వుతున్నాను. ఆయన ఇంకా కళ్ళు మూసుకునే ఉన్నారు. అరవై అయిదు దగ్గర ఏదో సన్నగా ఉందన్నారు. నాకు తెలియలేదు.

షెడ్డుకి వచ్చాక గొట్టం మీద ఒక హోస్ క్లిప్ బిగించారు. క్లిప్ మర తల బరువు కాబట్టి, దాన్ని గొట్టం చుట్టూ నాలుగు చోట్లకి జరుపుతూ తోలి చూస్తే, గొట్టం ఏ పక్క తేలికగా ఉందో తెలుస్తుంది. బ్యాలెన్సింగ్ మిషను లేని రోజుల నుంచీ ఉన్న ఉపాయం. నాలుగుసార్లు వెళ్ళొచ్చాం. నాలుగు చోట్లా క్లిప్ వల్ల మేలు కనపడలేదు, ఒక చోటయితే కొంచెం ఎక్కువైంది కూడా. క్లిప్ తీసేశారు. "గొట్టం బానే ఉంది. మిగిలింది టైర్లది. అరిగినయ్ గదా, మార్చినప్పుడు పోద్ది" అన్నారు. ఉన్నదాన్ని పోగొట్టాలని ఇంకేదో విప్పలేదు. ఎక్కడ ఆపాలో అంత స్పష్టంగా తెలిసిన చేతుల్ని నేను తక్కువ చూశాను.

ముందు షాఫ్ట్ కుర్రాడు బిగించాడు. దాని బాణాలు కూడా తుడిచి చూసే బిగించాడని గమనించాను. పూట పనికీ ఒక క్రాస్‌కీ కలిపి ఆయన తీసుకున్నది, నేను మౌంటింగులకి పెట్టిన దానికంటే తక్కువ.

బండి తియ్యబోతుంటే ఆగమని చెయ్యి చూపి, మళ్ళీ గుంతలోకి దిగారు. ఏం మరిచిపోయారోనని వంగి చూశాను. సెంటర్ పంచి, చిన్న సుత్తి. గొట్టం మీద ఒక్క చిన్న దెబ్బ, జారే యోకు అంచు మీద ఒక్క చిన్న దెబ్బ. రెండు చుక్కలు, ఎదురెదురుగా. వాటిలో అగ్గిపుల్ల కొసతో తెల్ల రంగు నింపి, ఆరేదాకా ఊదుతూ నిలబడ్డారు.

"బాణాలున్నాయిగా మేస్త్రిగారూ" అన్నాను.

"రేపు మళ్ళా ఎవరో రంగేస్తారు బాబూ" అన్నారు. "ఇది రంగు కింద కూడా వేలికి తగులుద్ది."

నెలకోసారి గ్రీజు కొట్టడానికి జీపు కిందకి దూరినప్పుడు టార్చి వెయ్యకముందే నా బొటనవేలు అక్కడికి వెళుతుంది. ఒకటి, దానికెదురుగా ఇంకొకటి.